జాజికి: గ్రీకుల పెరుగు-కీర సాస్ ఇంట్లోనే, నీళ్లు కారకుండా

ఈ ఎపిసోడ్‌లో స్టవ్ వెలిగించే పని లేదు. తాలింపు లేదు, మిక్సీ కూడా అక్కర్లేదు. హాస్టల్‌లో ఉన్నవాళ్లయినా, పీజీలో ఉన్నవాళ్లయినా, ఒక ఫ్రిజ్‌లో కాస్త చోటు దొరికితే చాలు. గ్రీసులో రొట్టెతో, కాల్చిన మాంసంతో, వేయించిన కూరగాయలతో పెట్టుకునే చల్లటి పెరుగు సాస్ చేద్దాం. అందులో ఉండేవి పెరుగు, కీర, వెల్లుల్లి, ఆలివ్ నూనె, కొంచెం పులుపు, కొంచెం ఆకుకూర. అంతే.

ముందు పేరు సంగతి. ఇంగ్లిష్‌లో దీని స్పెల్లింగ్ చూసి చాలామంది ‘ట్జాట్జికి’ అని నాలుక తిప్పుకుంటారు. గ్రీకులు పలికేది దాదాపు ‘జాజీకి’. ఆ జ మనకి కొత్తేం కాదు. ‘జడ’, ‘జల్లెడ’ అన్నప్పుడు పలికే జ ఉంది చూడండి, అదే. ‘జీతం’లో జ కాదు. ఇంగ్లిష్ వాళ్లు తంటాలు పడే ఈ శబ్దం మనం రోజూ పలికేదే. ఇక జాజికాయకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది వెయ్యకండి!

ఈ పేరు గ్రీకులోకి టర్కిష్ మాట ‘జజిక్’ నుంచి వచ్చింది. టర్కీలో దాన్ని పల్చగా చేసి, గిన్నెలో పోసుకుని చెంచాతో తాగుతారు. ఎండాకాలం అయితే ఐసు ముక్కలు కూడా వేస్తారు. పక్కనే బల్గేరియాలో వాల్‌నట్ పలుకులేసి ‘టారటర్’ అనే చల్లటి సూప్ చేస్తారు. అదే దేశంలో వడగట్టిన గట్టి పెరుగుతో చేస్తే ‘స్నెజాంకా’ సలాడ్, అంటే స్నో వైట్. సైప్రస్‌లో పుదీనా వేసి ‘తలతూరి’ అంటారు. ఇరాన్‌లో ‘మాస్త్-ఓ-ఖియార్’. మాస్త్ అంటే పెరుగు, ఖియార్ అంటే కీర. పేరులోనే వంటకం మొత్తం ఉంది. ఇంకాస్త తూర్పుకి వస్తే ఉత్తరాది వాళ్ల రైతా, మన కీర పెరుగు పచ్చడి.

అంటే ఇది మన పెరుగు పచ్చడేనా?

ఈ వంటకం చూపించగానే అందరూ అడిగే ప్రశ్న ఇదే. “మా అమ్మ చేసే పెరుగు పచ్చడికి గ్రీకు పేరు పెట్టి చెబుతున్నారా?” అని. చుట్టాలే, కాదనను. కానీ ఒకటే మనుషులు కాదు.

తేడా దేనితో తింటామన్న దగ్గర ఉంది. మన పెరుగు పచ్చడి అన్నంలో కలుపుకునేది. మెతుకు మెతుక్కీ పట్టాలంటే అది కాస్త జారుగా ఉండాలి. కీరలోంచి నీరు ఊరినా నష్టం లేదు, కలిసిపోతుంది. జాజికి రొట్టె మీద పెట్టుకునేది, రొట్టెతో అద్దుకునేది. పల్చబడిందంటే రొట్టె నానిపోతుంది, చుట్టిన రోల్ కిందనుంచి కారుతుంది, చొక్కా పాడవుతుంది. అన్నంలోది జారాలి, రొట్టె మీదది నిలబడాలి. ఈ ఒక్కటి గుర్తుంటే రెసిపీ మొత్తం గుర్తున్నట్టే. ఇప్పుడు చెప్పబోయే ప్రతి పనీ ఎక్కడో ఓచోట నీళ్లు తీసెయ్యడం కోసమే.

ఏం కావాలి

ఇద్దరు ముగ్గురికి సరిపోయేలా చెబుతున్నా. అర కిలో తియ్యటి పెరుగు. ఒక మీడియం సైజు కీర, 150 నుంచి 200 గ్రాములు. ఒక వెల్లుల్లి రెబ్బ, బాగా ఇష్టమైతే రెండు. ఒక టేబుల్ స్పూన్ ఆలివ్ నూనె. అర టీస్పూన్ వెనిగర్, లేదా నిమ్మరసం. సన్నగా తరిగిన సోయకూర రెండు టేబుల్ స్పూన్లు. ఉప్పు. వీటితో పాటు ఒక పలుచటి, ఉతికిన నూలు గుడ్డ, ఒక జల్లెడ లేదా చిల్లుల గిన్నె, దాని కింద పెట్టడానికి ఒక లోతు గిన్నె.

సోయకూర అంటే ఏంటని అడిగేవాళ్ల కోసం: ఇంగ్లిష్‌లో డిల్ అంటారే, అదే. హైదరాబాద్ కూరగాయల మార్కెట్లలో సోయా భాజీ అని మెంతికూర పక్కనే కట్టలు పెడతారు. బెంగళూరులో ఉన్నవాళ్లు సబ్బసిగె సొప్పు అని అడగండి, వెంటనే ఇస్తారు. ఈకల్లాంటి సన్నటి ఆకులు, సోంపుకి దగ్గర వాసన. సోయా చిక్కుడుతో దీనికి సంబంధం లేదు. దొరక్కపోతే పుదీనా వెయ్యండి. సైప్రస్ వాళ్లు వేసేది అదే, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. కొత్తిమీర మాత్రం వద్దు. తప్పని కాదు, కానీ అది పడగానే రుచి నేరుగా రైతా వైపు వెళ్లిపోతుంది.

దోసకాయ విషయంలోనూ ఒక జాగ్రత్త. పప్పులో వేసే గుండ్రటి పసుపు దోసకాయ కాదు, పచ్చిగా తినే పొడుగు కీర. కొయ్యగానే తొడిమ వైపు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదు ఎక్కువగా ఉండేది ఆ వైపే. చేదుగా ఉందా, ఆ కాయ పక్కన పెట్టేయండి. పెరుగులో వేస్తే చేదు పోదు, సాస్ అంతా చేదవుతుంది.

మొదటి పని: పెరుగు వడగట్టడం

గ్రీక్ యోగర్ట్ అని షాపుల్లో కప్పుల్లో అమ్మేది ప్రత్యేకమైన పాలతోనో, రహస్యమైన తోడుతోనో వచ్చేది కాదు. వడగట్టిన పెరుగు. మహారాష్ట్ర, గుజరాత్ వాళ్లు శ్రీఖండ్ కోసం గుడ్డలో కట్టి వేలాడదీస్తారు చూడండి, అదే పని.

వెన్న తియ్యని పాల పెరుగు తీసుకోండి. ప్యాకెట్ పాలతో ఇంట్లో తోడు పెట్టేవాళ్లయితే ఫుల్ క్రీమ్ వాడండి, అందులో కొవ్వు 6 శాతం ఉంటుంది. టోన్డ్‌లో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతమే. తక్కువ కొవ్వు పెరుగుతో చెయ్యకూడదని కాదు, కానీ నోట్లో నున్నగా ఉండదు, కాస్త సున్నంలా తగులుతుంది.

పాలు కాచేటప్పుడు ఒక పొంగు రాగానే దించెయ్యకుండా, సన్న మంట మీద ఐదారు నిమిషాలు ఉంచండి. ఎందుకంటే పాలలో రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. పెరుగు గడ్డకట్టించేది కేసీన్. రెండోది విరుగుడు నీళ్లలో కరిగి ఉండే ప్రొటీన్. పాలు బాగా వేడెక్కితే ఆ రెండోది కూడా వెళ్లి కేసీన్‌కి అంటుకుంటుంది. అప్పుడు పెరుగు గట్టిగా తోడుకుంటుంది, ప్రొటీన్ కూడా నీళ్లతో కారిపోకుండా పెరుగులోనే నిలుస్తుంది.

పెరుగు తియ్యగా ఉండగానే వాడాలి. నిన్నటి పుల్ల పెరుగు మజ్జిగ పులుసుకి బంగారం, దీనికి కాదు. ఇంకోటి, గుడ్డలో వేసే ముందు గిలక్కొట్టకండి. గడ్డలు గడ్డలుగానే గరిటెతో తీసి వెయ్యండి. గిలక్కొడితే గడ్డ విరిగి పెరుగు కూడా గుడ్డలోంచి జారుతుంది.

జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు వేసి, అంచులు మడిచి, మీద ఒక చిన్న ప్లేటు పెట్టండి. కింద గిన్నె. ఇప్పుడు ఇది మొత్తం ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతా. మన ఇళ్లలో పెరుగు మూటని సింక్ దగ్గర కుళాయికి వేలాడదీసే అలవాటు ఉంది. చలికాలం గంట సేపు అయితే సరే. ఏప్రిల్, మే నెలల్లో మన వంటగదుల్లో నాలుగైదు గంటలు వేలాడితే అది గట్టిపడేలోపే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు గంటలు, లేదా రాత్రంతా. అర కిలో పెరుగు దాదాపు పావు కిలో అవుతుంది. చెంచా తిరగేసినా పడకపోతే అయినట్టు.

రెండో పని: కీర పిండడం

కీరలో 95 శాతం దాకా నీళ్లే. ఇంత కష్టపడి పెరుగు వడగట్టి, కీరని అలాగే తురిమి కలిపేస్తే తీసేసిన నీళ్లని మళ్లీ మనమే పోసినట్టు. చాలామంది జాజికి అరగంటలో పల్చబడిపోయేది ఇక్కడే.

లావు గింజలుంటే చెంచాతో గీరి తీసెయ్యండి. తురుము పీటలో పెద్ద కన్నాల వైపు తురమండి. సన్నగా తురిమితే గుజ్జయిపోతుంది, పంటికి తగలదు. తురుములో అర టీస్పూన్ ఉప్పు కలిపి 15, 20 నిమిషాలు వదిలెయ్యండి. కీర కణాల బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు గోడ దాటి బయటికి వస్తుంది. ఆవకాయకి కాదు గానీ, మాగాయకి మామిడి ముక్కలు ఉప్పులో వేస్తే ఊట ఊరుతుంది కదా, సరిగ్గా అదే. సైన్స్ పుస్తకంలో ఆస్మాసిస్ అని చదివినది ఇదే.

ఇప్పుడు గుప్పెట్లో తీసుకుని పిండండి. మొహమాటంగా కాదు, గట్టిగా. ఇంకా నీళ్లు రావు అనిపించాక, గుడ్డలో మూటగట్టి ఇంకోసారి పిండండి. రెండోసారీ నీళ్లు వస్తాయి, చూడండి. ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి పారబోసినా ఫర్వాలేదు, మజ్జిగలో కలుపుకున్నా బావుంటుంది.

మూడో పని: వెల్లుల్లి

పచ్చి వెల్లుల్లి వేస్తున్నాం, కాబట్టి తక్కువతో మొదలుపెట్టండి. రెబ్బ కోసే వరకు దానికి అంత ఘాటు ఉండదు. నలిగినప్పుడు లోపల వేర్వేరుగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ అనేది పుడుతుంది. ఘాటు దానిదే. అందుకే ఎంత మెత్తగా నూరితే అంత ఘాటు. పులుపు ఆ పనికి అడ్డుపడుతుంది. కాబట్టి ఘాటు పడనివాళ్లు రెబ్బని నూరగానే వెనిగర్‌లో వేసి ఒక పది నిమిషాలు ఉంచండి. వాసన ఉంటుంది, మంట తగ్గుతుంది.

గ్రీకుల ఇళ్లలో పులుపుకి ద్రాక్ష వెనిగర్ ఎక్కువ, కొందరు నిమ్మరసం వాడతారు. మన పెరుగు ఎలాగూ పుల్లగానే ఉంటుంది కనుక అర టీస్పూన్ దాటకండి.

కలపడం

పెరుగులో వెల్లుల్లి, వెనిగర్ వెయ్యండి. ఆలివ్ నూనె కొంచెం కొంచెంగా పోస్తూ చెంచాతో కలపండి. తర్వాత కీర, సోయకూర. మిక్సీ ముట్టుకోకండి. బ్లేడు తిరిగితే గట్టి పెరుగు కూడా నిమిషంలో మజ్జిగ పోలికకి వచ్చేస్తుంది. ఉప్పు చివర్లో, రుచి చూశాకే. కీరకి పట్టిన ఉప్పు ఇప్పటికే లోపల ఉంది.

ఆలివ్ నూనె ఖరీదు కదా, తప్పదా అంటే, ఇది పచ్చిగా తినే నూనె. ఎక్స్‌ట్రా వర్జిన్ అయితే దాని వాసన సాస్‌కి వస్తుంది. సన్‌ఫ్లవర్ నూనె వేస్తే నునుపు వస్తుంది, ఆ రుచి రాదు. ఒక స్పూనే కాబట్టి చిన్న సీసా కొనుక్కున్నా చాలా రోజులు వస్తుంది.

మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం గంట. వెల్లుల్లి పెరుగంతా పట్టడానికి ఆ టైమ్ కావాలి. కలిపిన వెంటనే చప్పగా ఉందని ఇంకో రెబ్బ వేసేశారనుకోండి, గంట తర్వాత పక్కన ఎవరూ కూర్చోరు.

ఇంత చేసినా పల్చగా వచ్చిందా? పారెయ్యకండి. ఇంకాస్త వడగట్టిన పెరుగు ఉంటే కలపండి. లేకపోతే ఇంకొంచెం చల్లటి నీళ్లు, నాలుగు ఐసు ముక్కలు వేసి గిన్నెలో పోసుకుని తాగండి. టర్కీ వాళ్ల జజిక్ అయిపోతుంది. ఎవరైనా అడిగితే అదే చేశానని చెప్పండి.

గ్రీక్ యోగర్ట్ కప్పు కొనాలా?

జిమ్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం లెక్క చూద్దాం. మామూలు పెరుగు 100 గ్రాముల్లో ప్రొటీన్ మూడు, నాలుగు గ్రాములు. అర కిలోలో, మధ్యస్థంగా 3.5 చొప్పున వేసుకుంటే, 17.5 గ్రాములు. వడగట్టి పావు కిలో చేశాం. 100 గ్రాములకి లెక్క కడితే ఇప్పుడు ఏడుకి దగ్గర. రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. కానీ ప్రొటీన్ ఎక్కడా కొత్తగా పుట్టలేదు. నీళ్లు పోయాయి, అంతే. నిజానికి కాస్త ప్రొటీన్ నీళ్లతో పోయింది కూడా. అదే అర కిలో పెరుగు మామూలుగా తిన్నా ఆ ప్రొటీన్ మీ ఒంటికి వచ్చేదే. వడగట్టిన దానితో లాభం ఏంటంటే, చిన్న కప్పులో ఎక్కువ పడుతుంది, పాలలోని చక్కెర లాక్టోజ్ కొంత తగ్గుతుంది.

కాబట్టి షాపులో ఉన్నప్పుడు ఒక పని చెయ్యండి. కప్పు ధరని, కప్పు మొత్తంలో ఉన్న ప్రొటీన్ గ్రాములతో భాగించండి. పక్కనే ఉన్న మామూలు పెరుగు ప్యాకెట్‌కి కూడా అదే చెయ్యండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది, ముప్పై సెకన్ల పని. ఒక్కో గ్రాముకి ఎంత కడుతున్నారో తెలిశాక కొనాలో వద్దో మీరే తేల్చుకోండి. టైమ్ లేనప్పుడు కొనడంలో తప్పేం లేదు.

తర్వాత పదార్థాల లిస్టు చదవండి. పాలు, తోడుకి వేసే బ్యాక్టీరియా, ఈ రెండే ఉంటే అది వడగట్టిన పెరుగు. స్టార్చ్, జెలటిన్ లాంటివి కనిపిస్తే అది చిక్కగా చేసిన పెరుగు. చక్కెర ఉందేమో కూడా చూడండి, తియ్యటి దానితో జాజికి చెయ్యలేం. ‘గ్రీక్’ అనే మాట మీద కోర్టు కేసే నడిచింది. గ్రీసుకి చెందిన ఫాయే కంపెనీ, అమెరికాలో యోగర్ట్ చేసే చొబానీ మీద బ్రిటన్‌లో కేసు వేసింది. అక్కడి జనం గ్రీక్ యోగర్ట్ అంటే గ్రీసులో తయారైందని అనుకుంటారు, కాబట్టి అమెరికాలో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదని కోర్టు చెప్పింది. 2014లో అప్పీల్ కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అందుకే అక్కడ చాలా కప్పుల మీద ‘గ్రీక్ స్టైల్’ అని రాస్తారు.

కింద గిన్నెలో మిగిలిన నీళ్లు

లేత పసుపు-ఆకుపచ్చ రంగులో ఉంటాయి. పాడైపోయాయని భయపడకండి, ఆ రంగు బీ2 విటమిన్‌ది. అందులో లాక్టోజ్, కాల్షియం, కొంచెం పులుపు ఉంటాయి. చపాతీ పిండి కలపండి, మెత్తగా వస్తాయి. ఉప్పు, జీలకర్ర పొడి వేసి తాగండి. చారులో పొయ్యండి. ఇంట్లో ఒక గ్లాసు కాబట్టి మనకి సులువు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఒక కిలో గ్రీక్ యోగర్ట్‌కి రెండు మూడు కిలోల నీళ్లు మిగులుతాయి. వాగులోకి వదిలితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి, కాబట్టి వాటిని ఏం చెయ్యాలన్నది ఆ పరిశ్రమకి పెద్ద తలనొప్పి.

దేనితో తినాలి, ఎన్నాళ్లుంటుంది

గ్రీసులో చిన్న హోటళ్లలో, అక్కడ టవెర్నా అంటారు, ఒక ప్లేట్‌లో వేసి మధ్యలో పెడతారు, అందరూ రొట్టె ముక్కలతో అద్దుకుంటారు. పుల్లకి గుచ్చి కాల్చిన సువ్లాకీతో, పీటా రొట్టెలో చుట్టిన యీరోతో, వేయించిన జుకినీ ముక్కలతో తింటారు. మన దగ్గర చపాతీ రోల్‌లో, తందూరీ చికెన్ పక్కన, కాల్చిన పనీర్‌తో, ఉడికించి వేయించిన ఆలుగడ్డలతో బ్రహ్మాండంగా ఉంటుంది.

రోల్స్, షవర్మాల్లో మయోనైజ్‌కి బదులు కూడా వాడొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జాజికిలో గుడ్డు లేదు, ఆ భయం లేదు. అలాగని టిఫిన్ బాక్సులో పెట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బ్యాగులో తిప్పమని కాదు. పచ్చి కీర, పచ్చి ఆకు, పచ్చి వెల్లుల్లి ఉన్నాయి. మామూలు రోజుల్లో బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. ఎండలు మండే రోజుల్లో గంటే. కీర, ఆకు కోసే ముందు బాగా కడగండి. ఫ్రిజ్‌లో మూతపెట్టి రెండు, మూడు రోజులు ఉంటుంది. తడి చెంచా పెట్టకండి. పైన కాస్త నీరు తేలితే వంచేసి కలుపుకోండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, కరిగాక విరిగిపోయినట్టు అవుతుంది.

సో, ఈ రాత్రి పడుకునే ముందు చెయ్యాల్సింది ఒక్కటే: అర కిలో పెరుగు గుడ్డలో వేసి ఫ్రిజ్‌లో పెట్టడం. రేపటి పని మొత్తం కలిపి అరగంట. వచ్చే ఎపిసోడ్‌లో దీని పక్కన పెట్టుకోవడానికి, ఓవెన్ లేకుండా పెనం మీదే పీటా రొట్టె ఎలా పొంగించాలో చూద్దాం. అందాకా ఉంటాను, బై.